పేరు లేని కామెర్లకు పేరు పెట్టిన రక్తపరీక్ష



ఈసారి రాజుల కథ కాదు, పాళెగాళ్ళ కథ కాదు, మనవాళ్ళు ఏ నాయకుల కాలంలో ఈ సీమకు వచ్చారనే కథా కాదు. ఒక రక్తపరీక్ష కథ రాస్తున్నాను. ఇదీ చరిత్రే. మన ఇళ్ళలో ఇరవై ముప్పై ఏళ్ళ కింద ఆపరేషను అయినవాళ్ళు, కాన్పులో రక్తం ఎక్కించుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళందరికీ సంబంధం ఉన్న చరిత్ర. కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

పచ్చకామెర్లు అందరికీ తెలిసిన జబ్బే. నేను బడిలో చదివిన తమిళంలో మంజళ్ కామాలై. కళ్ళు పచ్చబడితే కీళానెల్లి, అంటే నేలఉసిరి, నూరి మజ్జిగలో కలిపి ఇస్తారు. నూనె, కారం మానిపిస్తారు. కొన్నాళ్ళకు పచ్చదనం పోతుంది, జబ్బు పోయిందంటారు. చాలాసార్లు నిజంగానే పోతుంది. నీళ్ళ వల్ల, తిండి వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో తమంతట తామే తగ్గుతాయి. కానీ కళ్ళు పచ్చబడకుండానే ఈరల్‌ను, అంటే కాలేయాన్ని, ఇరవై ముప్పై ఏళ్ళపాటు లోలోపల పాడుచేసే జబ్బు ఇంకొకటి ఉంది. దాన్ని ఇప్పుడు హెపటైటిస్ సి అంటున్నాం. 1989 దాకా దానికి ఆ పేరు కూడా లేదు. పేరు లేని ఆ జబ్బును ఒక చుక్క రక్తంలో ఎట్లా పట్టుకున్నారో చెప్తాను. ఆ కథ తెలిస్తే పరీక్ష కాగితం చేతికి వచ్చినప్పుడు దాన్ని ఎట్లా చదవాలో కూడా తెలుస్తుంది.

రక్తం ద్వారా కూడా కామెర్లు వస్తాయని రెండో ప్రపంచ యుద్ధంలో గట్టిగా తెలిసింది. 1942లో అమెరికా సైనికులకు ఎల్లో ఫీవర్ రాకుండా టీకా వేశారు. ఆ టీకా మందు పాడుకాకుండా మనుషుల సీరం కలిపారు. ఆ సీరంలో దాగిన జబ్బు సుమారు 50,000 మంది సైనికులను కామెర్లతో ఆస్పత్రి పాలు చేసింది. 1947లో మెకల్లమ్ అనే బ్రిటిష్ డాక్టరు, తిండి నీళ్ళ ద్వారా వచ్చేదానికి హెపటైటిస్ ఎ అని, రక్తం ద్వారా వచ్చేదానికి హెపటైటిస్ బి అని పేర్లు పెట్టాడు. పేర్లు వచ్చాయి గానీ రెండింటిలో దేన్నీ పరీక్షలో పట్టుకునే దారి లేదు.

ఆ దారి అనుకోకుండా దొరికింది. బరూచ్ బ్లంబర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త కాలేయం డాక్టరు కాడు. ఏయే జాతుల రక్తంలో ఏయే తేడాలున్నాయో చూడడానికి దేశదేశాల రక్తం పోగుచేసేవాడు. 1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కొత్త పదార్థం ఒకటి కనిపించింది. దానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టారు. తర్వాత తేలింది, అది హెపటైటిస్ బి వైరస్ పైపొర అని. దానితో రక్తనిధుల్లో బి పరీక్ష మొదలైంది. 1976లో బ్లంబర్గ్‌కు నోబెల్ వచ్చింది. ఆయన పుట్టినరోజు జూలై 28. ప్రపంచ హెపటైటిస్ దినం ఆ రోజునే జరపడం అందుకే. మన కీళానెల్లికీ ఆయనకూ కూడా ఒక చుట్టరికం ఉంది. మద్రాసు శాస్త్రవేత్త త్యాగరాజన్ బృందంతో కలిసి, హెపటైటిస్ బి మీద ఈ మొక్క పనిచేస్తుందా అని పరిశీలించి 1988లో లాన్సెట్ పత్రికలో వ్యాసం వేశారు. ఆశ పుట్టించిన ఆ ఫలితం ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో నిలబడలేదు.

బ్లంబర్గ్‌తో పాటు ఆస్ట్రేలియా యాంటిజెన్ చూసిన యువ డాక్టరు హార్వే ఆల్టర్. అసలు కథ ఈయనతో మొదలవుతుంది. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ రక్తనిధిలో ఆల్టర్ ఉద్యోగం. గుండె ఆపరేషనుకు ఒక్కొక్కరికి ఎన్నో సీసాల రక్తం ఎక్కించేవాళ్ళు. ఆ రోగులను ఆపరేషను తర్వాత నెలల తరబడి వెంటబడి, మళ్ళీ మళ్ళీ రక్తం తీసి చూస్తే, 1960లలో నూటికి 30 మందికి పైగా కాలేయానికి వాపు వస్తున్నట్టు తెలిసింది. డబ్బు తీసుకుని రక్తం అమ్మేవాళ్ళను ఆపి, బి పరీక్ష పెట్టాక 1970లలో అది సుమారు నూటికి 10కి దిగింది.

మిగిలిన ఆ పది ఏమిటి? 1973లో అదే సంస్థలో ఫైన్‌స్టోన్, కపికియన్, పర్సెల్ అనేవాళ్ళు హెపటైటిస్ ఎ వైరస్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పట్టుకున్నారు. ఆల్టర్ దాచిన రక్తాన్ని దానితో పోల్చి చూస్తే అది ఎ కాదు. బి కాదని ముందే తెలుసు. 1975లో వ్యాసం రాస్తూ ఆ జబ్బును "ఎ కాదు, బి కాదు" రకం హెపటైటిస్ అన్నారు. ఆ లేనిపోని పేరే పద్నాలుగేళ్ళు నడిచింది.

అదే 1975లో మన పెరంబూరు రైల్వే ఆస్పత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ దేశంలో మొదటి బైపాస్ గుండె ఆపరేషను విజయవంతంగా చేశారు. రైల్వేవాళ్ళం ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. ఈ మాట ఎందుకంటే, ఆ కాలంలో ప్రపంచంలో ఏ దేశంలో, ఏ ఆస్పత్రిలో రక్తం ఎక్కించినా ఈ "సి"ని పట్టే పరీక్ష మాత్రం లేదు. ఎంత పెద్ద డాక్టరైనా లేని పరీక్షను చేయలేడు కదా. ఎక్కించిన రక్తమే ఆ ప్రాణాలను నిలిపింది. వెంట వచ్చిన వైరస్ తప్పు ఎవరి మీదా వేయలేం.

1978లో చింపాంజీలకు ఈ రక్తం ఎక్కిస్తే వాటికీ జబ్బు వచ్చింది. అంటే సోకే జబ్బేనని రుజువయింది. కానీ మైక్రోస్కోపులో కనబడదు, ప్రయోగశాలలో పెంచితే పెరగదు. చేసేది లేక 1986, 87లలో అమెరికా రక్తనిధులు అడ్డదారి పరీక్షలు పెట్టాయి. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎఎల్‌టి అనే ఎంజైము ఎక్కువగా ఉన్న రక్తాన్ని, బి వైరస్ పాత గుర్తు ఒకటి ఉన్న రక్తాన్ని పక్కన పెట్టేవాళ్ళు. దొంగ ముఖం తెలియనప్పుడు అనుమానం వచ్చిన ప్రతివాణ్ణీ ఆపినట్టు. మంచి రక్తం ఎంతో పోయేది, చెడ్డది కొంత దాటిపోయేది.

మాకు పరీక్ష దొరికిందని ఆ రోజుల్లో ఎన్నో ప్రయోగశాలలు చెప్పుకున్నాయి. ఆల్టర్ వాళ్ళతో వాదించేవాడు కాడు. జబ్బు సోకిస్తుందని చింపాంజీల్లో రుజువైన రక్తం కొన్ని గొట్టాలు, సోకించదని రూఢి అయిన రక్తం కొన్ని గొట్టాలు, పేర్లు తీసేసి నంబర్లు మాత్రం వేసి పంపేవాడు. ఏది ఏదో చెప్పండి అనేవాడు. ఒక్కరూ సరిగా చెప్పలేకపోయారు. నేను ఉద్యోగమంతా రిజిస్టర్ల మధ్య గడిపినవాణ్ణి కాబట్టి నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. ఎప్పుడో తీసిన రక్తాన్ని తేదీ, నంబరు తప్పకుండా ఏళ్ళ తరబడి చలిపెట్టెలో దాచిన ఆ ఓపిక లేకపోతే, రేపు నిజమైన పరీక్ష వచ్చినా అది నిజమని ఎవరూ తేల్చలేరు.

ఆ నిజమైన పరీక్ష కాలిఫోర్నియాలోని ఎమరీవిల్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. అక్కడి కైరాన్ కంపెనీలో మైకేల్ హౌటన్, క్వీ-లిమ్ చూ, జార్జ్ క్వో అనే ముగ్గురు, అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం నుంచి చింపాంజీ రక్తం పంపిన డేనియల్ బ్రాడ్లీ, ఈ నలుగురూ 1980లలో ఏళ్ళకేళ్ళు కష్టపడ్డారు. చివరికి వాళ్ళు పట్టిన దారి ఇది. వైరస్‌ను చూడలేం. కానీ జబ్బు పడినవాడి శరీరం దాన్ని చూసింది, దాన్ని ఎదిరించే యాంటీబాడీలు తయారు చేసింది. ఆ యాంటీబాడీలనే సాక్షిగా పెట్టుకుందాం అనుకున్నారు. జబ్బు చింపాంజీ రక్తంలోని జన్యు పదార్థాన్ని ముక్కలు ముక్కలుగా బాక్టీరియాలలోకి ఎక్కించి, ఒక్కొక్క ముక్కతో ప్రొటీను తయారు చేయించి, రోగి రక్తం దేన్ని గుర్తుపడుతుందో చూశారు. సుమారు పది లక్షల ముక్కలు వెతికితే ఒక్కటి దొరికింది. దాని నంబరు 5-1-1. ఆ చిన్న కొసను పట్టుకుని మొత్తం వైరస్‌ను బయటికి లాగారు. కళ్ళతో చూడని, ప్రయోగశాలలో పెరగని వైరస్‌ను జన్యు ముక్కతో పట్టుకోవడం అంతకు ముందు లేదు. ప్రయోగశాలలో దాన్ని సరిగా పెంచడం 2005లో గానీ కుదరలేదు.

1989 ఏప్రిల్‌లో సైన్స్ పత్రికలో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి వైరస్ గురించి, రెండోది పరీక్ష గురించి. ఆ రెండో దానిలోని లెక్కలు చూడండి. రక్తం ఎక్కించాక దీర్ఘకాల జబ్బు వచ్చిన పది కేసుల్లో, తొమ్మిదింటిలో రక్తం ఇచ్చినవాళ్ళలో కనీసం ఒకరు పాజిటివ్. ఇటలీ, జపాన్‌లలో అట్లా దీర్ఘకాల జబ్బు వచ్చినవాళ్ళలో సుమారు నూటికి 80 మంది పాజిటివ్. కొత్తగా వచ్చి తగ్గిపోయిన జబ్బులో మాత్రం నూటికి 15 మందే. అంటే పాత జబ్బును బాగా పట్టింది, కొత్త జబ్బును వదిలేసింది. 1989 చివర్లోనే జపాన్, 1990లో అమెరికా రక్తనిధుల్లో ఈ పరీక్ష పెట్టాయి. 1992 నాటికి ఇంకా మంచి పరీక్ష వచ్చింది. నూటికి 30 దగ్గర మొదలైన ఆల్టర్ లెక్క 1990ల చివరికి దాదాపు సున్నా అయింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. యాంటీబాడీ సాక్షి మాత్రమే, దొంగ కాదు. వైరస్ సోకినవాళ్ళలో కొంతమందికి ఆరు నెలల లోపల శరీరమే దాన్ని తరిమేస్తుంది. వైరస్ పోయినా యాంటీబాడీ ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. కాబట్టి వైరస్ ఇప్పుడు ఉందా అని చూడడానికి దాని జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏని వెతకాలి. దానికి పీసీఆర్ పనికొచ్చింది. కరోనా కాలంలో మనందరికీ నోట నానిన మాటే. దాన్ని కనిపెట్టిన కేరీ మల్లిస్ పనిచేసిన సీటస్ కంపెనీ కూడా ఆ ఎమరీవిల్‌లోనే ఉండడం విచిత్రం.

స్టేషనులో పనిచేసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. ట్రైన్ సిగ్నల్ రిజిస్టరులో బండి నంబరు ఉందంటే ఆ బండి మన స్టేషనుకు వచ్చిందని అర్థం. ఇప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉందా, ఎప్పుడో వెళ్ళిపోయిందా అని తెలియాలంటే బయటికి వచ్చి చూడాలి. యాంటీబాడీ పరీక్ష రిజిస్టరు. ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ప్లాట్‌ఫారం. ఆర్‌ఎన్‌ఏ ఆరు నెలలు దాటి ఉంటే దాన్ని దీర్ఘకాల హెపటైటిస్ సి అంటారు.

ఈ రెండింటి తేడా ఎంత పెద్దదో ఐర్లండ్ దేశంలో జరిగిన సంగతి చెప్తుంది. ఆర్‌హెచ్ నెగటివ్ రక్తం ఉన్న తల్లులకు కాన్పు తర్వాత యాంటీ-డి ఇంజెక్షన్ వేస్తారు, మన దగ్గర కూడా వేస్తారు. అది మనుషుల రక్తం నుంచి తీసే మందు. 1977లో ఐర్లండ్‌లో తయారైన ఆ మందులో ఈ వైరస్ కలిసిపోయింది. ఎవరికీ తెలియదు. పరీక్ష వచ్చాక, 1994లో, రక్తం ఇవ్వడానికి వచ్చిన కొందరు ఆడవాళ్ళు పాజిటివ్ వస్తుంటే ఒక డాక్టరమ్మ వెనక్కి లెక్క చూసింది. అందరూ ఆ ఇంజెక్షన్ తీసుకున్న తల్లులే. అప్పటికి పదిహేడేళ్ళు అయిపోయింది. 62,667 మందిని పిలిచి పరీక్ష చేస్తే 704 మందిలో వైరస్ సోకిన జాడ దొరికింది. అందులో ఆర్‌ఎన్‌ఏ ఉన్నవాళ్ళు 390 మంది. అంటే రిజిస్టరులో నంబరు ఉన్నవాళ్ళలో సగానికి కొంచెం ఎక్కువమందికే బండి ఇంకా ప్లాట్‌ఫారం మీద ఉంది. మిగిలినవాళ్ళకు ఎప్పుడో వెళ్ళిపోయింది. వైరస్ ఉన్నవాళ్ళకు కాలేయం ముక్క తీసి చూస్తే, పదిహేడేళ్ళ తర్వాత కాలేయం పూర్తిగా గట్టిపడిన దశ నూటికి ఇద్దరిలోనే. కానీ దాదాపు అందరిలో కొంతైనా వాపు ఉంది. నిదానంగా నడిచే జబ్బు, కానీ ఆగకుండా నడిచే జబ్బు.

మన దేశం సంగతికి వస్తాను. 1986లో మన చెన్నైలోనే డాక్టర్ సునీతి సోలోమన్, డాక్టర్ సెల్లప్పన్ నిర్మల దేశంలో మొదటిసారి హెచ్‌ఐవి జాడ కనిపెట్టారు. ఆ భయంతోనే రక్తాన్ని పరీక్ష చేయాలనే పట్టుదల దేశంలో పెరిగింది. 1996 జనవరిలో సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో తీర్పు ఇచ్చి, డబ్బుకు రక్తం అమ్మే పద్ధతిని రెండేళ్ళలో ఆపమంది. 1998 జనవరి 1 నుంచి అది నిషేధం. హెపటైటిస్ సి పరీక్ష మాత్రం 1990ల చివర్లో మొదలై, ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో గానీ దేశమంతటా అమలుకు రాలేదు. పరీక్ష పుట్టిన పదేళ్ళకు పైగా తర్వాత! ఆ నడుమ రక్తం ఎక్కించుకున్నవాళ్ళు, సూదులు సరిగా ఉడకబెట్టని చోట ఇంజెక్షన్లు వేయించుకున్నవాళ్ళు మన ఇళ్ళలో ఉన్నారు.

ఇప్పుడు అసలు మాట. మన శిబిరంలో రక్తం ఇచ్చినవాళ్ళలో ఎవరికైనా "హెచ్‌సీవీ రియాక్టివ్" అని కబురు వస్తే ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. కాగితాన్ని బీరువాలో బట్టల కింద దాస్తారు. అమ్మాయి సంబంధం చెడిపోతుందని భయం. తాగుబోతు అంటారని, ఇంకేదో అంటారని సిగ్గు. అట్లా దాచిన ఒక కుటుంబం నన్ను సలహా అడిగింది. ఎవరో, ఏ ఊరో రాయను. ఆయన చుక్క మందు ముట్టని మనిషి. ఎప్పుడో చిన్నప్పుడు ఆపరేషను అయింది, అంతే. ఏడాదిన్నర దాచాక ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయిస్తే వైరస్ లేదని వచ్చింది. ఏడాదిన్నర పాటు ఆ ఇంట్లో వేరే కంచం, వేరే గ్లాసు. ఏమీ లేనిదానికి.

కంచంతో, గ్లాసుతో, పక్కన కూర్చుంటే, కౌగిలించుకుంటే ఇది అంటదు. రక్తం రక్తంతో కలిస్తేనే. షేవింగు బ్లేడు, టూత్ బ్రష్షు వేరుగా పెట్టుకుంటే చాలు. రియాక్టివ్ వచ్చినవాళ్ళు ఇక మీదట రక్తం ఇవ్వకూడదు, జబ్బు నయమైనా సరే, యాంటీబాడీ ఉండిపోతుంది కాబట్టి. అది రక్తం తీసుకునేవాళ్ళ కోసం పెట్టిన నియమం, ఇచ్చేవాళ్ళకు అవమానం కాదు.

వైరస్ ఉన్నా భయపడే కాలం పోయింది. 2013 చివర్లో అమెరికాలో సోఫోస్‌బువిర్ అనే మాత్ర వచ్చింది. అప్పుడు అక్కడ ఒక మాత్ర ధర 1,000 డాలర్లు. 2015లో మన హైదరాబాదు కంపెనీలు నాట్కో, హెటెరో అదే మందును ఇక్కడ తయారు చేసి అమ్మాయి. 28 మాత్రల సీసా 20,000 రూపాయల లోపు వచ్చింది, తర్వాత ఇంకా తగ్గింది. ఇంకొక మందుతో కలిపి మామూలుగా పన్నెండు వారాలు మింగితే నూటికి 95 మందికి నయమవుతుంది. 2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వం పెట్టిన జాతీయ కార్యక్రమంలో పరీక్షా మందూ రెండూ ఉచితం. హెపటైటిస్ బికి టీకా ఉంది, సికి ఇంకా లేదు. కాబట్టి సి విషయంలో మన చేతిలో ఉన్నది పరీక్ష ఒక్కటే.

పేర్ల గురించి ఒక మాట చెప్పాలి. 2013లో హౌటన్‌కు కెనడాలో గైర్డ్‌నర్ బహుమతి ఇస్తామంటే, చూ, క్వో, బ్రాడ్లీ లేకుండా నాకు ఒక్కడికీ వద్దు అని వదులుకున్నాడు. 2020లో ఆల్టర్, హౌటన్, ఈ వైరస్ ఒక్కటే జబ్బు తెస్తుందని రుజువు చేసిన చార్లెస్ రైస్, ముగ్గురికీ నోబెల్ వచ్చింది. నోబెల్ ముగ్గురికి మించి ఇవ్వరు. చూ, క్వో, బ్రాడ్లీ పేర్లు మనమైనా గుర్తుపెట్టుకుందాం.

సభ్యులకు నా విన్నపం. 2002కు ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్ళు, పెద్ద ఆపరేషను అయినవాళ్ళు, డయాలిసిస్‌లో ఉన్నవాళ్ళు, పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్ళు ఒక్కసారి యాంటీ-హెచ్‌సీవీ పరీక్ష చేయించుకోండి. నెగటివ్ అయితే సంతోషం. రియాక్టివ్ అయితే అక్కడ ఆగిపోకుండా, ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టకుండా, అదే వారం ఆర్‌ఎన్‌ఏ పరీక్షకు వెళ్ళండి. జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో అడగండి, దారి చెప్తారు. ఒక్కరే వెళ్ళడానికి మొహమాటపడితే సంఘం ఆఫీసులో చెప్పండి, తోడు వస్తాం. ఎవరికీ చెప్పం.